రెండు చక్రాల చరిత్ర – 9: రీడు పలికిన బండి

పోయిన వారం రాజ్‌దూత్ 350 దగ్గర ఆగాం. ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో మన రోడ్ల మీదకు తెచ్చిన ఆ రెండు సిలిండర్ల యమహా బండి ఎంత జోరైనదో, ఎందుకు అమ్ముడుపోలేదో చెప్పుకున్నాం. పెట్రోలు విపరీతంగా తాగేది. ధర అందేది కాదు. పల్లెటూరి మెకానిక్ చేతికి లొంగేది కాదు. అలా దెబ్బతిన్న కంపెనీయే 1985 చివర్లో ఇంకో బండి దించింది. దాని ఇంజను రాజ్‌దూత్ 350లో మూడో వంతు కూడా లేదు. ఈ వారం కథ దానిది. యమహా ఆర్ఎక్స్ 100.

తెనాలిలో నాకు తెలిసిన మెకానిక్ షెడ్డు ఒకటుంది. బయట బోర్డు లేదు. లోపల ఎప్పుడు చూసినా రెండు మూడు ఆర్ఎక్స్‌లు విప్పేసి ఉంటాయి. ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు ఒక పూట అక్కడికి వెళ్లి కూర్చున్నాను. షెడ్డు పెద్దాయన పికప్ తగ్గిందని వచ్చిన బండి ఒకటి చూస్తున్నాడు. కార్బొరేటర్ ఊడదీసి పక్కన పెట్టాడు. దాని వెనక, ఇంజనుకు ఆనుకుని అగ్గిపెట్టెంత దిమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని కూడా విప్పి, గుడ్డతో తుడిచి, వాకిలి వెలుతురుకేసి పట్టుకున్నాడు. దిమ్మకు రెండు వైపులా ఏటవాలుగా పలుచటి ఉక్కు రేకులు అంటిపెట్టుకుని ఉన్నాయి. రేకుకీ దిమ్మకీ నడుమ వెలుగు సందు కనిపిస్తుందేమోనని ఒక కన్ను మూసి చూశాడు. తర్వాత దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఇంజను వైపు నుంచి ఊదాడు. గాలి కదల్లేదు. తిప్పి కార్బొరేటర్ వైపు నుంచి ఊదాడు. రేకులు సన్నగా రెపరెపలాడి దారి ఇచ్చాయి.

"రీడు బాగానే ఉందండీ. తేడా ఇంకెక్కడో ఉంది," అన్నాడు.

నోటితో ఊది రీడును చూడటం నేను చిన్నప్పుడు ఇంకోచోట చూశాను. మా ఊళ్లో పద్య నాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన ఒకరుండేవారు. మెట్టు నొక్కితే స్వరం బొంగురుపోయినప్పుడు పెట్టె విప్పి, ఇత్తడి రీడును బయటికి తీసి, దుమ్ము దులిపి, పెదాల దగ్గర పెట్టుకుని ఇలాగే ఊదేవారు. పలికితే మళ్లీ బిగించేవారు. షెడ్డులో కూర్చున్నప్పుడు ఆయన గుర్తొచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే సూత్రం. ఒక అంచు బిగించి, రెండో అంచు వదిలేసిన రేకు. గాలి తోస్తే లేస్తుంది, ఆగితే వాలుతుంది. అక్కడ గాలికి స్వరం వస్తుంది, ఇక్కడ పెట్రోలు ఆవిరికి దారి వస్తుంది.

ఈ బండి చేసిన కంపెనీ పుట్టిందే రీడు దగ్గర.

జపాన్‌లో హమామత్సు అని ఒక ఊరు. 1887లో అక్కడి ప్రాథమిక పాఠశాలలో అమెరికా నుంచి తెప్పించుకున్న రీడ్ ఆర్గన్ పాడైతే, దాన్ని బాగుచేయడానికి తొరకుసు యమహా అనే పనివాణ్ణి పిలిచారు. వైద్య పరికరాలు, గడియారాలు బాగుచేసే చేయి అతనిది. ఆర్గన్ విప్పి చూసి, ఇది మనమే చేయొచ్చు అనుకున్నాడు. చేశాడు కూడా. కాని హమామత్సులో దాని మంచిచెడ్డలు చెప్పగలిగిన వాళ్లు లేరు. తోటివాడు కవాయితో కలిసి ఆ ఆర్గన్‌ను కర్రకు కట్టి, ఇద్దరూ చెరో కొసన భుజానికెత్తుకుని, హకోనే కొండలు దాటి టోక్యో దాకా సుమారు 250 కిలోమీటర్లు నడిచారు. అక్కడి సంగీత పాఠశాల వాళ్లు విని, పని బాగుంది గాని శ్రుతి కుదరలేదన్నారు. తొరకుసు నొచ్చుకుని వెనక్కి పోలేదు. అక్కడే ఉండి సంగీత శాస్త్రం పాఠాలు విని, తిరిగివచ్చి రెండో ఆర్గన్ చేశాడు. అది నిలబడింది. యమహా ట్యాంకు మీద ఇవాళ కనిపించే మూడు శ్రుతిదండాల గుర్తుకు మూలం ఆ వాద్యాల కంపెనీయే. బండి కొన్నవాళ్లలో చాలామంది అది చక్రంలో ఆకులనుకుంటారు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ వాద్యాల కంపెనీ చేత విమానాల ప్రొపెల్లర్లు చేయించారు. యుద్ధం ముగిశాక యంత్రాలు ఖాళీగా మిగిలాయి. 1950లో పగ్గాలు చేపట్టిన గెనిచి కవకామి వాటితో మోటారు సైకిలు చేద్దామన్నాడు. అప్పటికే జపాన్‌లో ఆ వ్యాపారంలో కంపెనీలు కిక్కిరిసి ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవాడికి మంచి నమూనా కావాలి. జర్మనీలో త్షోపావ్ అనే ఊళ్లో డీకేడబ్ల్యూ కంపెనీ తయారుచేసిన ఆర్‌టీ 125 అనే టూ స్ట్రోకు బండి వాళ్లకు దారి చూపింది. జర్మనీ యుద్ధంలో ఓడిపోయింది కాబట్టి ఆ నమూనాను ఎవరైనా వాడుకోవచ్చు. ఇంగ్లండ్‌లో బీఎస్‌ఏ బాంటమ్, అమెరికాలో హార్లే హమ్మర్, రష్యాలో మాస్క్వా, అన్నీ ఆ ఒక్క తల్లి బిడ్డలే. 1955లో యమహా వైఏ-1 వాటికి చెల్లెలైంది. సన్నటి నడుము, ఎర్ర మట్టి రంగు. జపాన్ జనం దాన్ని ముద్దుగా ఎర్ర తూనీగ అన్నారు. ఆ ఏడు జులైలోనే ఫ్యూజీ కొండ ఎక్కే పందెంలో 125 సీసీ తరగతి గెలిచింది. కంపెనీ పెట్టి పట్టుమని పది రోజులు కూడా కాలేదు.

అంటే యమహా మొదటి బండి టూ స్ట్రోకే. ముప్పై ఏళ్ల తర్వాత మనకొచ్చిన ఆర్ఎక్స్ కూడా టూ స్ట్రోకే. ఈ ముప్పై ఏళ్లలో ఆ ఇంజనుకు ఊపిరి పీల్చడం, వదలడం నేర్పిన కథ ఒకటుంది. దాన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు 'పికప్' అనే మాటలో ఉన్నదంతా ఇదే.

టూ స్ట్రోక్ ఇంజనులో లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ తలుపులు తెరిచి మూసే వాల్వులుండవు. సిలిండరు గోడకున్న కిటికీలే దారులు. పిస్టన్ పైకీ కిందికీ జరుగుతూ వాటిని తెరుస్తుంది, మూస్తుంది. సులువు. తక్కువ సామాను, తక్కువ బరువు, పిస్టన్ పైకొచ్చిన ప్రతిసారీ మంట. ఫోర్ స్ట్రోకులో రెండుసార్లు పైకొస్తే ఒకసారి మంట. ఇక్కడే చిక్కు కూడా ఉంది. కాలిన పొగ బయటికి పోయే కిటికీ, కొత్త పెట్రోలు గాలి లోపలికొచ్చే కిటికీ దాదాపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. పొగతో పాటు కొత్త గాలి కూడా కొంత బయటికి జారిపోతుంది. ఈ జారిపోయేదాన్ని ఆపగలిగినవాడే టూ స్ట్రోక్‌ను ఏలగలడు.

ఆపినవాడు వాల్టర్ కాడెన్. ఆయన పనిచేసింది కూడా ఆ త్షోపావ్‌లోనే. యుద్ధం తర్వాత ఆ ఊరు తూర్పు జర్మనీలోకి వెళ్లింది, డీకేడబ్ల్యూ ఫ్యాక్టరీ ఎంజెడ్ అయింది. డబ్బు లేదు, మంచి లోహం లేదు. కాడెన్ సైలెన్సర్ గొట్టంలో గాలి అలల్ని ఆసిలోస్కోపు తెర మీద చూస్తూ కూర్చునేవాడు. పొగ ఒక్కసారిగా గొట్టంలోకి తన్నుకొచ్చినప్పుడు దాంతో ఒక అల బయల్దేరుతుంది. గొట్టం వెడల్పవుతూ పోతే ఆ అల వెనక్కి పీల్చే గుణంతో తిరిగొస్తుంది. సన్నబడుతూ పోతే వెనక్కి నెట్టే గుణంతో తిరిగొస్తుంది. కాబట్టి ముందు వెడల్పు చేసి, తర్వాత సన్నం చేస్తే? మొదట పొగను పీకేస్తుంది, ఆ వెంటనే జారిపోబోయిన కొత్త గాలిని మళ్లీ సిలిండర్లోకి నెట్టేస్తుంది. లోపల కదిలే సామాను ఒక్కటీ లేకుండా, ఉత్త రేకు గొట్టం ఆకారంతో ఆ పని జరిగిపోతుంది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజను 25 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరు లెక్కన 200. సూపర్‌ఛార్జర్ లేకుండా అప్పటిదాకా అంత శక్తి ఏ ఇంజనూ ఇవ్వలేదు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఎంజెడ్ రేసర్ ఎర్నెస్ట్ డేగ్నర్ స్వీడన్ పందెం నుంచి ఇంటికి వెళ్లలేదు. భార్యాబిడ్డల్ని కారు డిక్కీలో దాచి ముందే సరిహద్దు దాటించాడు. తనతో పాటు కాడెన్ విద్యను సుజుకీకి పట్టుకుపోయాడు. మరుసటి ఏడు సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిలు డేగ్నర్ చేతుల మీదుగానే గెలిచింది. ఆ విద్య జపాన్‌లో ఒక్క కంపెనీ దగ్గర ఆగలేదు. 1964లో ఫిల్ రీడ్ యమహా టూ స్ట్రోకు మీద 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. కాడెన్ మాత్రం త్షోపావ్‌లోనే మిగిలాడు. తను సాధించిన దానితో ఇతరులు ప్రపంచాన్ని గెలుస్తుంటే చూస్తూ బతికిన మనిషి. మన ఊళ్లలో తిరిగిన ఆర్ఎక్స్ సైలెన్సర్ నడిమధ్య కాస్త పొట్ట పెట్టి, చివరికి సన్నబడుతుంది. ఆ ఆకారం వెనక ఉన్నది ఆయన పనే. ఆర్ఎక్స్ గురించి ఎవరు రాసినా ఆయన పేరు ఒక్కసారైనా తలవాలని నా కోరిక.

యమహా తనంతట తాను చేర్చినవి రెండు. 1964లో ఆటోలూబ్. అంతకు ముందు టూ స్ట్రోకు బండికి పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. మన బంకుల్లో రాజ్‌దూత్‌కీ స్కూటర్‌కీ టూటీ ఆయిలు కొలిచి కలిపి పోసిన రోజులు నా ఈడువాళ్లందరికీ గుర్తే. ఆటోలూబ్‌లో నూనెకు పక్కన విడిగా చిన్న డబ్బా, ఒక పంపు ఉంటాయి. ఎక్స్‌లేటర్ తిప్పేకొద్దీ పంపు ఎక్కువ నూనె వదులుతుంది, తగ్గిస్తే తక్కువ. రెండోది 1970ల మొదట్లో వచ్చిన రీడ్ వాల్వు, తెనాలి పెద్దాయన ఊదిన ఆ దిమ్మ. కార్బొరేటర్ నుంచి లోపలికి పోయిన పెట్రోలు గాలి, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మళ్లీ వెనక్కి తన్నుతుంది. రీడు దాన్ని తన్ననివ్వదు. పీల్చినప్పుడు లేస్తుంది, తన్నబోతే వాలి మూసుకుంటుంది. కాడెన్ గొట్టం ఉన్న ఇంజను సాధారణంగా జోరందుకున్నాక గాని లాగదు. రీడు తోడైతే కింది నుంచే లాగుతుంది. వాద్యాల కంపెనీకి ఈ రేకు గుణం తెలియడంలో వింత లేదు.

ఇంజను నిమిషానికి 7,500 చుట్లు తిరిగేటప్పుడు ఆ రేకు సెకనుకు 125 సార్లు లేచి వాలుతుంది. సెకనుకు 125 కంపనాలంటే హార్మోనియంలో మంద్రస్థాయి స్వరం. సైలెన్సర్ నుంచి పొగ కూడా అన్నిసార్లే తన్నుకొస్తుంది. ఆర్ఎక్స్ మోత ఇప్పటికీ చెవిలో ఉందని చెప్పేవాళ్లు ఊరికే చెప్పడం లేదు. ఆ మోతకు నిజంగానే శ్రుతి ఉంది.

ఇక మన దేశానికి వద్దాం. 1980ల మొదటి దాకా బండి కావాలంటే బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్, లేదా ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకునే స్కూటర్. ఏ కంపెనీ ఏది చేయాలో, ఎన్ని చేయాలో ఢిల్లీ నిర్ణయించే కాలం. 1980ల మొదట్లో ఆ ముడి కొంచెం సడలింది. 100 సీసీ లోపు బండ్లకైతే విదేశీ కంపెనీలతో చేతులు కలపొచ్చని ప్రభుత్వం దారి ఇచ్చింది. పెట్రోలు దిగుమతి భారం మోస్తున్న దేశం చిన్న ఇంజనునే కోరుకుంది. టీవీఎస్ సుజుకీతో, హీరో హోండాతో, బజాజ్ కవాసాకీతో, ఎస్కార్ట్స్ యమహాతో జట్టు కట్టాయి. 1984లో ఇండ్-సుజుకీ ఏఎక్స్ 100, 1985లో హీరో హోండా సీడీ 100, ఆ ఏడు చివర ఆర్ఎక్స్ 100, 1986లో కవాసాకీ బజాజ్ కేబీ 100. రెండేళ్లలో నాలుగు జపాన్ బండ్లు, నాలుగూ ఒకే గీత లోపల.

ఒకే గీత లోపల నలుగురూ నాలుగు దారులు పట్టారు. హోండా ఫోర్ స్ట్రోకుతో మైలేజీ వైపు పోయింది. లీటరుకు 80 కిలోమీటర్లని చెప్పి దేశాన్ని గెలిచింది. ఆ కథ వచ్చే వారం. ఆర్ఎక్స్ దారి అది కాదు. 50 మిల్లీమీటర్ల బోరు, 50 మిల్లీమీటర్ల స్ట్రోకు, 98 సీసీ. 7,500 చుట్ల దగ్గర 11 హార్స్‌పవర్. నాలుగు గేర్లు. బండి బరువు నూరు కిలోల పైన రెండు మూడు కిలోలు. లీటరు లెక్కన శక్తి కడితే 112 వస్తుంది. అదే లెక్కన అప్పటి బుల్లెట్‌కు 52. పోటీల కోసం కాడెన్ సాధించిన దానిలో సగానికి పైగా శక్తి పాలు పోసేవాడికి, బడిపంతులుకు, వడ్ల కమీషన్ వ్యాపారికి కిస్తీల మీద దొరికింది. మన దేశంలో నలుగురికీ అందిన మొదటి స్పోర్ట్స్ బండి ఇదేనని నా గట్టి నమ్మకం. దాన్ని అలా చేయాలని ఎవరూ తలపెట్టలేదు. ఎస్కార్ట్స్ దాన్ని రోజువారీ బండిగానే అమ్మింది. 100 సీసీ అనే సర్కారు గీత ఇంజను పరిమాణానికి హద్దు పెట్టింది గాని, ఊపిరికి హద్దు పెట్టలేదు.

మొదట్లో సామాను జపాన్ నుంచి విడిభాగాలుగా వచ్చేది, ఇక్కడ బిగించేవారు. ఆ మొదటి బండ్ల ఇంజను సామాను మీద జపాన్ ముద్ర ఉంటుంది. ఇవాళ్టికీ ఆ ముద్ర కోసం కొనేవాళ్లు టార్చిలైటు వేసి వెతుకుతారు. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్ ఫ్యాక్టరీలో తయారీ స్థిరపడింది.

మా చిన్న మామయ్య 1988లో కొన్నాడు. నల్ల ట్యాంకు, 'ఏ'తో మొదలయ్యే మూడక్షరాల పాత నంబరు ప్లేటు. మా అమ్మమ్మ ఊరు కృష్ణ కాలవ గట్టు మీద ఉంటుంది. గట్టు దారి ఊరికి అర మైలు దూరంలో మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో గేరు తగ్గించి మళ్లీ ఎక్స్‌లేటర్ ఇచ్చినప్పుడు వచ్చే మోత విని, అమ్మమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. మామయ్య గుమ్మంలో అడుగు పెట్టేసరికి నీళ్లు మరుగుతుండేవి. ఇంట్లో వాళ్లకే కాదు, ఊరందరికీ ఆ మోత గుర్తు. ఎవరి బండో చూడక్కర్లేదు, వింటే చాలు.

నన్ను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. మొదటి గేరులో కదిలి, రెండో గేరు పడ్డాక ఒక చోట ఇంజను గొంతు మారేది. అప్పటిదాకా గొణిగేది ఒక్కసారిగా గొంతెత్తినట్టు. నా వెన్ను మామయ్య ఛాతీకి అతుక్కుపోయేది. ఆ గొంతు మారిన చోటే గొట్టంలో అల సరిగ్గా వేళకు తిరిగొచ్చే చోటని నాకు పాతికేళ్ల తర్వాత తెలిసింది.

ఆ బండి గురించి మంచి ఒక్కటే చెప్పి ఊరుకోలేను. ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ము బ్రేకులే దానికి. పరుగుకు తగ్గ బ్రేకు కాదు. వానలో తడిస్తే ఇంకా పట్టదు. హెల్మెట్ అనే మాటే లేని రోజులు. ఇరవై ఏళ్ల కుర్రాడు, 11 గుర్రాల బలం, ఎడ్లబండ్లు తిరిగే చీకటి రోడ్లు. ఆ రోజుల్లో మా తాలూకాలో ఆర్ఎక్స్ మీద పోయిన కుర్రాళ్ల ఇళ్లు వరసగా చెప్పగలను. ఇంకోటి, ఆ బండ్లలో చాలా వాటికి డబ్బు కట్టింది నడిపినవాడు కాదు. కట్నంలో బండి అడగటం అప్పుడు మామూలు మాట. స్కూటర్ ఇస్తామంటే, కాదు ఆర్ఎక్స్ కావాలని పెళ్లి పీటల దాకా పట్టుబట్టిన అల్లుళ్లను చూశాను. ఏ తండ్రో అరెకరం అమ్మితే వచ్చిన మోత అది. పాత బండ్ల మీద మక్కువతో రాసే వాళ్లం దీన్ని దాటేసి పోకూడదు.

దొంగలకూ అదే నచ్చింది. మెడలో గొలుసు తెంపి సందులోకి దూరాలంటే తేలికగా ఉండి చటుక్కున అందుకునే బండి కావాలి. పోలీసుల నోట, పేపర్ల నోట ఆర్ఎక్స్ పేరు అలా కూడా నానింది. ఇండోనేసియాలో దీని అన్న లాంటి ఆర్ఎక్స్ కింగ్ 135కి కూడా ఇదే చెడ్డపేరు వచ్చింది. అక్కడి వాళ్లు దాన్ని గొలుసు దొంగల బండి అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచారు. రెండు దేశాలు, ఒకే గుణం, ఒకే నింద.

దీన్ని ఆపింది పోటీ కాదు, పొగ. ఇందాక చెప్పుకున్న ఆ జారిపోయే కొత్త గాలిని కాడెన్ గొట్టం జోరు మీదున్నప్పుడే వెనక్కి నెట్టగలదు. ఊళ్లో ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోయేటప్పుడు అది నెట్టదు. ఆర్ఎక్స్ తాగిన పెట్రోల్లో గణనీయమైన భాగం అసలు కాలకుండానే సైలెన్సర్ నుంచి బయటికి పోయేది. దానితో పాటు కాలిన నూనె నీలిపొగ. 1991లో మొదటిసారి దేశంలో వాహనాల పొగకు హద్దులు పెట్టారు. 1996 ఏప్రిల్ 1 నుంచి వాటిని బిగించారు. రెండు చక్రాల బండి కిలోమీటరుకు 4.5 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ దాటకూడదు. కాలని ఇంధనం, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి 3.6 గ్రాములు దాటకూడదు. ఆర్ఎక్స్ 100 తయారీ ఆ మార్చిలోనే ఆగింది. నాలుగేళ్లకు, 2000లో, ఆ రెండు అంకెలూ 2 గ్రాములకు దిగాయి.

ఆ నిబంధన తప్పని నేనను. హైదరాబాద్ అమీర్‌పేటలో, విజయవాడ బీసెంట్ రోడ్డులో 1990లలో నడిచినవాళ్లకు ఆ పొగ గుర్తుంటుంది, కళ్లు మండేవి. ఒక బండి మీద ప్రేమకు బదులుగా ఊరందరి ఊపిరి అడగలేం.

కంపెనీ వెంటనే వదిలేయలేదు. బోరు 58 మిల్లీమీటర్లకు పెంచి, స్ట్రోకు అదే 50 ఉంచి 132 సీసీ చేసి, ఆర్ఎక్స్-జీ, ఆర్ఎక్స్ 135 తెచ్చింది. అయిదు గేర్లదీ వచ్చింది. బలంలో అవి పాతదాన్ని మించాయి. 2000లు సగానికి వచ్చేసరికి అవీ పోయాయి. ఈలోగా ఎస్కార్ట్స్ తన వాటా మొత్తం అమ్మేసుకుంది, 2001 నాటికి కంపెనీ పూర్తిగా యమహాదైంది. దేశం మైలేజీ వైపు, ఫోర్ స్ట్రోకు వైపు వెళ్లిపోయింది.

బండి మాత్రం పోలేదు. 2018లో అజయ్ భూపతి తీసిన తెలుగు సినిమా పేరే 'ఆర్ఎక్స్ 100'. అప్పటికి తయారీ ఆగి ఇరవై రెండేళ్లు. ఆ సినిమా చూడటానికి క్యూ కట్టిన కుర్రాళ్లలో చాలామంది బండి ఆగిపోయాక పుట్టినవాళ్లు. వాళ్లెవరికీ ఆ అంకె అర్థం ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. ఇవాళ బాగున్న ఆర్ఎక్స్‌ను అది కొత్తగా ఉన్నప్పటి ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొంటున్నారు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి అయిదేళ్లకోసారి రవాణా ఆఫీసుకు తీసుకెళ్లి చూపించి, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రోజు కోసం కొందరు పెళ్లికూతుర్ని చేసినట్టు తయారుచేస్తారు.

ఇందులో నన్ను బాధపెట్టేది ఒకటుంది. కొన్న కుర్రాళ్లు ముందుగా చేసే పని సైలెన్సర్ లోపలి గొట్టాన్ని పీకేయడం. మోత రెట్టింపవుతుంది. అల తిరిగొచ్చే లెక్క తప్పుతుంది, కింది లాగుడు పోతుంది. మోత కోసం ఊపిరి తీసేయడం అది. వాళ్లు వింటున్నది ఆర్ఎక్స్ గొంతు కాదు.

తెనాలి షెడ్డులో ఆ పూట తేడా దొరికింది కూడా సైలెన్సర్లోనే. పెద్దాయన వెనక బోల్టు విప్పి లోపలి గొట్టాన్ని లాగాడు. వేలు మందాన నల్లటి జిగురు మసి పట్టి, చిల్లులన్నీ పూడుకుపోయి ఉన్నాయి. ముప్పై ఏళ్ల టూటీ ఆయిలు. రెండు ఇటుకల మధ్య చితుకులు పేర్చి మంట చేసి దాన్ని అందులో పెట్టాడు. కాసేపటికి మసి తనే అంటుకుని, గొట్టం కొస నుంచి సన్నటి నీలి మంట వచ్చింది. ఎర్రగా కాలాక పటకారుతో తీసి, నేలకేసి మెల్లగా తట్టాడు. మసి పెళ్లలుగా రాలింది. చల్లారేదాకా ఆగి వైరు బ్రష్షుతో రుద్దితే చిల్లులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గొట్టాన్ని కంటికి ఆనించి అవతలి నుంచి వెలుతురు చూశాడు.

కొన్నేళ్ల కింద అప్పటి యమహా ఇండియా అధిపతి ఆర్ఎక్స్ పేరు మళ్లీ తేవాలనుందని, అయితే ఆ పేరుకు తగ్గ పనితనం చిన్న ఇంజనుతో ఇప్పటి నిబంధనల్లో రాదు కాబట్టి పెద్ద ఇంజనుతోనే తేవాలని పత్రికలకు చెప్పారు. ఆ సంగతి పెద్దాయనకు చెప్పాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"దానికి రీడు ఉంటుందాండీ?" అని అడిగాడు.

ఉండదన్నాను. ఫోర్ స్ట్రోకు కదా, వాల్వులుంటాయన్నాను.

ఆయన తలూపి, దిమ్మను మళ్లీ ఒకసారి గుడ్డతో తుడిచి, కార్బొరేటర్ బిగించడానికి వంగాడు.

(వచ్చే వారం: లీటరుకు 80 – హీరో హోండా సీడీ 100)